మొగుడి పేరుకు అయిదు మార్కులు

వర్ష నన్ను చూసిన పావుగంటలోనే నాకు మెదడు జబ్బు ఉందని తేల్చేసింది.

అది 2007 జూన్. గద్వాల గెస్ట్‌హౌస్ వరండాలో ఇంటర్వ్యూ. ఏదో పరిశోధనకు ఊళ్లు తిరిగే అసిస్టెంటు కావాలని పేపర్లో చూసి వెళ్లాను. బీఈడీ చేసి, డీఎస్సీ ఎప్పుడు పెడతారా అని మూడేళ్లుగా కాచుకుని కూర్చున్నవాణ్ని. పరిశోధన దేని మీదైనా నాకు అభ్యంతరం లేదు, జీతం వస్తే చాలు.

టేబుల్ వెనక ఒకమ్మాయి కూర్చుని ఉంది. ఆకుపచ్చ చుడీదారు, మెడలో ఐడీ కార్డు, ముక్కు మీద కోపం. నన్ను కూర్చోమనకుండానే ఒక బొమ్మ తీసి ముఖం ముందు పెట్టింది.

"ఇదేంటి?"

వంకర కర్ర. దానికి పైనుంచి కిందికి తీగలు. నేను బాగా ఆలోచించాను.

"మంచం మేడమ్. నవారు సగం అల్లి ఇడిసిపెట్టిన్రు."

ఆమె ఏదో రాసుకుంది. "ఇది?"

"చీమల పుట్ట. సున్నం కొట్టిన్రు."

"మరి ఇది?"

"పందికొక్కు. జర బలిసింది."

పది బొమ్మలకు నాకు మూడు మార్కులు వచ్చాయి. ఆమె పెన్ను మూత పెట్టి, గొంతు మెత్తగా చేసుకుని అడిగింది. "మీ ఇంట్లో ఎవరికైనా మతిమరుపు ఉందా అండీ?"

"మా ఇంట్ల లేదు మేడమ్. సర్కారుకున్నది. డీఎస్సీ పెడ్తమని చెప్పి మర్చిపోయింది."

నవ్వు ఆపుకోవడానికి చెంపను లోపలినుంచి కొరుక్కుంది. అక్కడో చిన్న సొట్ట పడింది. నేను ఆ ఉద్యోగంలో చేరింది జీతం కోసమేనని ఆ రోజు నుంచి అబద్ధం చెబుతూ వచ్చాను.

ఆ బొమ్మలు ఇంగ్లండు నుంచి వచ్చాయట. మొదటిది అక్కడి వాయిద్యం, రెండోది మంచుతో కట్టిన ఇల్లు, మూడోది నదిలో ఉండే ఏదో జంతువు. "గట్టు మండలంల ఇవి సూపిస్తే మండలం మొత్తం జబ్బున్నట్టే లెక్క" అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, నన్ను ఉద్యోగంలో పెట్టుకుని, ఆ సాయంత్రమే బొమ్మలన్నీ పక్కన పడేసింది. తర్వాత వారం రోజులు ఇద్దరం కూర్చుని కొత్తవి గీయించాం. కడవ, రోలు, చాట, గొంగడి, కొడవలి, చందమామ. ప్రతి బొమ్మకూ కొట్లాడుకున్నాం. నేను గీయించిన గేదెను ఆమె ఏనుగంది. ఆమె గీయించిన జల్లెడను నేను కిటికీ అన్నాను.

ఆ జబ్బు సంగతి ఆమె చెబితేనే నాకు తెలిసింది. కొందరికి పెద్ద వయసులో మతికంటే ముందు మాట పోతుందట. మనిషి గుర్తుంటాడు, దారి గుర్తుంటుంది, పని చేతికి వస్తుంది, పేరు మాత్రం నోటికి రాదు. ఏడాదికేడాదికి ఇంకా కొన్ని మాటలు పోతాయి.

"దీనికి మందేంది మేడమ్?"

"లేదు. వారానికి రెండుసార్లు పక్కన కూర్చుని సాధన చేయిస్తే కావలసిన మాటలు ఎక్కువ కాలం నిలుస్తాయా అన్నదే మన పరిశోధన. మొత్తం ఇరవై నాలుగు మందికి అవకాశం."

ఈ పరిశోధనకు పెద్ద వెంకట్రాములు సారు. హైదరాబాదు ప్రొఫెసర్. నెలకు రెండుసార్లు వచ్చి గెస్ట్‌హౌస్ ఏసీ గదిలో పల్లె ప్రజల గురించి లోతుగా ఆలోచించేవాడు. బొమ్మలు మార్చడానికి ఒప్పుకున్నాడు గానీ, తాను స్వయంగా తయారుచేసిన "కుటుంబ విభాగం" జోలికి మాత్రం రానివ్వలేదు. ఆడవాళ్లకైతే భర్త పేరుకు అయిదు మార్కులు, మామ పేరుకు అయిదు, పెద్ద బావ పేరుకు అయిదు. బొమ్మలకు ముప్పై అయిదు. మొత్తం యాభైలో నలభైకి తగ్గితే జబ్బు.

సర్వే మొదలైంది మా ఊళ్లోనే. గట్టుకు నాలుగు కిలోమీటర్లు. మొదటి ఇల్లు మాదే. మా అమ్మ భీమమ్మ అరుగు మీద కూర్చుని బొమ్మలన్నీ చకచకా చెప్పేసింది. మధ్యలో ఇంకో మాట కూడా కలిపింది, "గీ కొడవలి పన్లు అరిగినయి, పదును వెట్టియ్యాలె."

చందమామ బొమ్మ దగ్గర ఆగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ముసిముసిగా నవ్వింది. "గిది గాయనే."

"గాయన అంటే?"

"గా దొడ్లె మేత ఏస్తుండు సూడు."

దొడ్లో మా నాయన ఉన్నాడు. ఆయన పేరు చంద్రయ్య.

"సరే అమ్మా. మీ ఆయన పేరు చెప్పండి."

అమ్మ వాకిట్లో కోడిని చూసింది.

"మీ మామగారి పేరు?"

"వామ్మో!" అని అమ్మ చెంపలేసుకుంది.

"పెద్ద బావగారి పేరు?"

"గట్ల నోటితోని అంటరా బిడ్డా?"

వర్ష ఫారంలో రాసింది నేను పక్కనుంచి చదివాను. "చంద్రుణ్ని చూసి భర్త అంటోంది. దగ్గరి బంధువుల పేర్లు పూర్తిగా పోయాయి." దాని కింద ఎర్రగీత.

నేను నోరు తెరిచాను. "మేడమ్, మా దిక్కు ఆడోళ్లు..."

"జగదీశ్ గారూ, ప్లీజ్. మీరు వివరణలు ఇవ్వకండి, అనువాదం చేస్తే చాలు. సమాధానాలు కలుషితమవుతాయి."

కలుషితం! నా మాట ఆమెకు మురికి కాలువలా కనిపించిందన్నమాట. నాకు రోషమెక్కువ. తనే తెలుసుకోనీ, నాలుగు రోజులు తిప్పలుపడి వచ్చి అడిగినప్పుడు చెబుదాం అనుకుని నోరు కుట్టేసుకున్నాను.

ఆ నాలుగు రోజుల్లో గట్టు మండలంలో జబ్బు పాకిపోయింది. చూసిన ప్రతి ఇంట్లో అమ్మలూ అవ్వలూ కొంగులు అడ్డం పెట్టుకుని పదిహేను మార్కులు వదిలేసుకున్నారు. ఇరవై నాలుగు మంది జాబితా ఇట్టే నిండింది. అందులో ఇరవై రెండు మంది ఆడవాళ్లే. వెంకట్రాములు సారు ఆనందంతో ఏసీ గది దాటి వరండాలోకొచ్చాడు. "చూశావా వర్షా! ఒకే మండలంలో ఇంతమంది ఆడవాళ్లు! దీనికేదో స్థానిక కారణం ఉంది. జొన్నరొట్టెను అనుమానించాలి." వియన్నాలో జరిగే పెద్ద సభకు ఆ రాత్రికి రాత్రే ఉత్తరం రాశాడు.

ఇక చెప్పేయాలి, నవ్వి ఊరుకుంటుంది అనుకుని మర్నాడు వెళ్లాను. వర్ష గెస్ట్‌హౌస్ మెట్ల మీద నాకోసమే కూర్చుని ఉంది. కళ్లు తడిగా ఉన్నాయి.

"జగదీశ్ గారూ, కూర్చోండి. మీ అమ్మగారి స్కోరు ముప్పై నాలుగు." నా చేతిమీద చెయ్యి వేసింది. "ధైర్యంగా ఉండాలి. నేనున్నాను కదా."

నేను చెప్పవలసింది ఒకే ఒక్క వాక్యం. చెప్పానా? లేదు. "అమ్మ మంచిగైతదా మేడమ్?" అని అడిగాను, గొంతు కూడా వణికించి. సిగ్గు లేదా అంటే ఉంది. కానీ ఆ చెయ్యి ఇంకా నా చేతిమీదే ఉంది.

అట్లా మూడు నెలలు గడిచాయి. మంగళ, శుక్రవారాలు వర్ష మా ఇంటికి వచ్చేది. వాన వస్తే వర్షకు గొడుగు పట్టడం నా డ్యూటీ. ఒకే గొడుగు, ఇద్దరం మనుషులం, ఎవరో ఒకరు తడవాలి కదా. నేనే తడిసేవాణ్ని. "ఇటు రండి, జ్వరమొస్తుంది" అనేది. "రానీ మేడమ్" అనేవాణ్ని. "వస్తే నాకు అనువాదం ఎవరు చేస్తారు?" అని గొడుగు నావైపు తోసి తనూ తడిసేది. ఇద్దరం తడిశాక ఇక గొడుగు దేనికో మా ఇద్దరికీ తెలియదు.

విచిత్రమేమిటంటే మా అమ్మ స్కోరు రోజురోజుకీ పడిపోసాగింది. ఒక శుక్రవారం కడవ చూపిస్తే "ఏమో బిడ్డా" అంది. వర్ష ముఖం వాడిపోయింది. ఆమె వెళ్లాక నేను అమ్మను నిలదీశాను.

"మొన్న మంగళారం కడవను కడవన్నవు. ఇయ్యాల ఏమో అంటివి. ఏందమ్మా ఇది?"

"అన్ని చెప్తే ఆ పిల్ల వచ్చుడు బంద్ చేస్తదిరా."

"రాకుంటే నీకేం నష్టం?"

"ముగ్గురు కొడుకులను కన్న. ఒక్కడన్న పొద్దుగాల ఏం తిన్నవమ్మా అని అడిగిన్రా? ఆ పిల్ల అడుగుతది. అడిగి కాయితంల రాసుకుంటది గూడ." అని నన్ను ఎగాదిగా చూసింది. "అయినా వచ్చుడు బంద్ అయితే నష్టం నాకొక్కదానికేనారా?"

పక్కింటి మణెమ్మ అత్తదీ, ఆ పక్కింటామెదీ ఇదే వరస. మండలం మొత్తం వర్ష కోసం మాటలు మర్చిపోతోంది. వర్ష గ్రాఫు గీసుకుని దిగులుపడుతోంది.

ఆగస్టు చివర్లో ఒకరోజు ప్రొఫెసర్ గారు స్వయంగా పల్లె చూస్తానని బయల్దేరాడు. మా ప్రాజెక్టు జీపు ఖాజా మియాది. యాభై ఎనిమిదేళ్ల మనిషి, గద్వాలలో ఇల్లు. ముప్పై ఏళ్లుగా ఈ రోడ్లమీద జనాన్ని ఎక్కించుకుని తిరిగాడు. ఏ మలుపులో ఏ గుంత ఉందో ఆయనకు తెలుసు. మాట మాత్రం తక్కువ. నేను "చాచా" అనేవాణ్ని. దారిలో టైరు పంక్చరైంది.

చాచా దిగి, నాకేసి చెయ్యి చాపాడు. "గది ఇయ్యి బేటా. గదే... లేపేది."

జాకీ ఇచ్చాను.

"గిప్పుడు గది... తిప్పేది."

పానా ఇచ్చాను. వెనకసీట్లో ప్రొఫెసర్ వర్షకు పాఠం చెబుతున్నాడు. "ముఖ్యమైన లక్షణం రాసుకో. వస్తువు పేరు రాదు, దాని పని చెబుతారు. కత్తెర అనలేక కోసేది అంటారు."

"గది... గాలి నిండున్నది, గుండ్రంగున్నది, ఇటు తే" అన్నాడు చాచా.

"పని చేతికి వస్తుంది, పేరు నోటికి రాదు. గొప్ప విషాదం" అన్నాడు ప్రొఫెసర్. తర్వాత విసుగ్గా కిటికీలోంచి తల బయటపెట్టాడు. "జగదీశ్, ఈ డ్రైవర్ ఏంటయ్యా? సరిగ్గా మాట్లాడడమే రాదు. వచ్చే నెల వేరేవాణ్ని చూడు."

నేను చాచా వైపు చూశాను. మూడు నెలలుగా రోజూ ఆ జీపులో తిరుగుతున్నాం. జబ్బు కోసం ఇల్లిల్లూ వెతుకుతున్నాం. అది మమ్మల్ని ముందుసీట్లో కూర్చుని మోస్తోంది. చాచా నా చూపు కనిపెట్టి, తల దించుకుని నట్లు బిగించుకున్నాడు.

మర్నాడు చాచా ఇంటికి వెళ్లాను. ఆయన లేడు. ఆయన భార్య అమీరున్నీసా చాచీ చాయ్ ఇచ్చి, నేను అడగకముందే కళ్లొత్తుకుంది.

"రెండేండ్లాయె బేటా. ముందుగాల ఊర్ల పేర్లు పోయినయి. బస్టాండు కాడ గట్టు గట్టు, ధరూరు ధరూరు అని మొత్తుకొని జనాలను ఎక్కించుకునేటోడు. ఒకనాడు నోరు తెరిస్తే పేరు రాలె. జనాలు నవ్విన్రంట. మల్ల ఆడికి పోలె. మీ జీపుకైతే పేర్లు మొత్తుకునే పని లేదని ఒచ్చిండు."

"వర్ష మేడమ్‌కు చెప్తే అయితుండె కదా చాచీ?"

"నౌకరి తీసేస్తరని భయం. ఎవరికీ చెప్పొద్దని నాకు కసమ్ పెట్టిండు." నా చెయ్యి పట్టుకుంది. "గా ఆడోళ్లకు చేస్తున్నరు కదా సాధన, గది ఈయనకు దొరకదా? మొన్న నన్ను పిలుద్దామని నోరు తెరిచి, గట్లనే నిలవడ్డడు బేటా. నన్ను పిలిచే పేరు గూడ పోతే నేనేం చెయ్యాలె?"

దొరకదు. ఇరవై నాలుగు సీట్లూ నిండిపోయాయి. అందులో ఒకటి మా అమ్మది. పదో తారీకున జాబితా డబ్బిచ్చే ఢిల్లీ ఆఫీసుకు వెళుతుంది, ఆ తర్వాత మార్చడానికి వీల్లేదు. నేను నిజం చెబితే చాచాకు సీటు దొరకవచ్చు. చెబితే వర్ష ముఖం నేను మళ్లీ చూడలేను. మూడు రోజులు అన్నం సయించలేదు. తిండిపోతునని ఊరంతా పేరున్న నన్ను చూసి మా నాయన కూడా పరేషాన్ అయ్యాడు.

నాలుగో రోజు మంగళవారం. వాన. వర్ష మా అరుగు మీద కూర్చుని అమ్మకు కొడవలి చూపిస్తోంది. నేను వాకిట్లోనే నిలబడి చెప్పేశాను.

"మేడమ్, మా అమ్మకు ఏ జబ్బూ లేదు."

"అలాగే అనిపిస్తుంది జగదీశ్ గారూ. దగ్గరివాళ్లకు ఒప్పుకోవడం కష్టం..."

"మా దిక్కు ఆడోళ్లు మొగుని పేరు నోటితోని అనరు. మామ పేరు, బావ పేరు గూడ అనరు. రేషన్ షాపుల అడిగితే పక్కామెతోని చెప్పిస్తరు. కావాలంటే సూడుండ్రి." గోడ అవతలికి కేకేశాను. "మణెమ్మత్తా! మా అమ్మ పెనిమిటి పేరేంది?"

"చంద్రయ్య! ఏమైందిరా, పింఛనొచ్చిందా?" అంది మణెమ్మ గోడ మీదుగా తల పెట్టి. ఆమె కూడా మా జాబితాలో పదకొండో రోగి.

"అమ్మా, మణెమ్మత్త పెనిమిటి?"

"బక్కయ్య. మామ ఈరన్న. పెద్దబావ సవారన్న" అంది అమ్మ ఒక్క గుక్కలో.

పది సెకన్లలో ఇద్దరికీ జబ్బు నయమైంది. వర్ష చేతిలోంచి కొడవలి బొమ్మ జారి నీళ్లలో పడింది.

"మొదటిరోజే తెలుసా మీకు?"

"తెలుసు."

"మెట్ల మీద నేను ఏడుస్తున్నప్పుడు కూడా?"

"తెలుసు మేడమ్. చెప్తే ప్రాజెక్టు బంద్ అయితది, మీరు పోతరు. గందుకే..." చాచా సంగతి మొత్తం చెప్పాను. ఆమె వింది. చాచా గురించి విన్నంతసేపు ఆమె ముఖం ఒకలా ఉంది, నా గురించి గుర్తొచ్చినప్పుడల్లా ఇంకోలా మారింది. గొడుగు తీసుకోకుండా వానలోనే జీపు దగ్గరికి నడిచింది.

సాయంత్రం గెస్ట్‌హౌస్‌లో వర్ష చెప్పిందంతా విని ప్రొఫెసర్ ఫారాలు తిరగేశాడు. తర్వాత ముఖం వెలిగింది.

"అంటే ఇరవై రెండు మంది కోలుకున్నారన్నమాట!"

"వాళ్లకు జబ్బే లేదు సార్" అంది వర్ష.

"జూన్‌లో భీమమ్మ స్కోరెంత?"

"ముప్పై నాలుగు."

"ఇప్పుడు అడిగితే?"

"పేర్లు పక్కామెతో చెప్పిస్తే యాభై వస్తుంది. కానీ సార్..."

"మూడు నెలల సాధన, ముప్పై నాలుగు నుంచి యాభై. సైన్సంటే నంబర్లమ్మా! ప్రపంచంలో ఇంతవరకూ ఈ జబ్బు ఎవరికీ తగ్గలేదు. మన గట్టులో తగ్గింది. వియన్నా ఊగిపోతుంది."

"మరి ఖాజా మియా సంగతి? ఆయనకు నిజంగా ఉంది."

ప్రొఫెసర్ చెయ్యి ఊపాడు. "వాళ్లింట్లో ఉర్దూ కదా? మన నిబంధన తెలుగువాళ్లకే. పైగా అతనికి సరిగ్గా మాట్లాడడం రాదని నేనే చెప్పాను కదా, ఎలా పనికొస్తాడు?"

వర్ష ఐడీ కార్డు మెడలోంచి తీసి టేబుల్ మీద పెట్టింది. ఆ నివేదిక మీద సంతకం చెయ్యనంది. మర్నాడు పొద్దున్నే చాచా జీపులో ఆమెను స్టేషన్‌కు తీసుకెళ్లాం. దారంతా ఆమె చాచాతోనే మాట్లాడింది. చాచా "గది" అన్నప్పుడల్లా ఓపిగ్గా ఆగింది. రైలెక్కాక నావైపు తిరిగింది.

"ప్రొఫెసర్ గారు నంబర్లతో అబద్ధమాడుతున్నారు. మీరు నోరు మూసుకుని ఆడారు. నాకు పెద్ద తేడా కనిపించట్లేదు జగదీశ్ గారూ."

రైలు కదిలింది. నాకు ఏడుపొచ్చింది. స్టేషన్ బయట జామపళ్లు అమ్మే ఆమె ముందే ఏడ్చేశాను, ఆమె రెండు పళ్లు ఊరికే ఇచ్చింది. తర్వాత రోజుకు పది మెసేజీలు పెట్టాను. ఒక్కదానికీ జవాబు లేదు. మంగళవారం రాగానే అమ్మ అరుగు ఊడ్చి కూర్చునేది. "నేను కడవను కడవంటే అయిపోతుండెరా" అని తనను తానే తిట్టుకునేది. వియన్నాలో చప్పట్లు మోగాయని మాత్రం పేపర్లో వచ్చింది.

మూడో ఆదివారం పొద్దున చాచీ మిస్డ్ కాల్ ఇచ్చింది. నేను తిరిగి చేశాను. "జల్ది రా బేటా. మేడమ్ ఒచ్చింది."

బైకు ఎంత వేగంతో వెళ్లిందో నాకు తెలియదు. చాచా ఇంట్లో చాప మీద వర్ష కూర్చుని ఉంది. ఎదురుగా చాచా. మధ్యలో తెల్ల కార్డులు. నన్ను చూసి తల ఎత్తింది, లేవలేదు.

"ఇక్కడ ప్రాజెక్టు లేదు, సీట్లు లేవు. నేను ఆదివారాలు రైలెక్కి వస్తాను. మిగతా రోజుల్లో చాచాతో రోజూ సాధన చేయించడానికి ఒక మనిషి కావాలి. జీతం ఉండదు."

"నేను చేస్త."

"నేనింకా మిమ్మల్ని క్షమించలేదు."

"సరే మేడమ్."

"కూర్చోండి."

కూర్చున్నాను. వర్ష చాచా వైపు తిరిగి, చిన్నపిల్లవాడికి కాకుండా పెద్దమనిషికి చెప్పినట్టే చెప్పింది. "చాచా, ఈ జబ్బు పోదు. మాటలన్నీ నిలబెట్టలేం. ఒక నలభై ఎంచుకుందాం. రోజూ అవే పట్టుకుందాం. ఏ మాటలు కావాలో మీరే చెప్పాలి."

చాచా చాలాసేపు కార్డుల్ని చూశాడు. ముందు చాచీ వైపు వేలు చూపించాడు.

"నా పేరెందుకు?" అంది చాచీ సిగ్గుపడి. "నలబై ఏండ్ల సంది పిల్లల పేరు వెట్టే పిలిచిండు." అయినా ఆ కార్డు వర్ష చేతిలోంచి తీసుకుని కొంగుతో తుడిచి తనే ముందు పెట్టింది. తర్వాత చాచా నేలమీద వేలితో రోడ్డు గీశాడు. మొదటి మలుపు, రెండో మలుపు. నేను చెబుతూ పోయాను. ధరూరు. గట్టు. అయిజ. ఆ తర్వాత నీళ్లు, నొప్పి, చాయ్, బ్రేకు, మనవరాలి పేరు. మధ్యాహ్నానికి ముప్పై తొమ్మిదయ్యాయి.

నలభయ్యో కార్డు దగ్గర చాచా ఆగిపోయాడు. రెండు చేతులూ చాపి ఎవరినో కౌగిలించుకున్నట్టు చేశాడు. కుడివైపు, ఎడమవైపు, మళ్లీ కుడివైపు. మాకు అర్థం కాలేదు. విసుగొచ్చి నన్ను చూపించాడు, వర్షను చూపించాడు, మళ్లీ కౌగిలి.

చాచీ నోటిమీద చెయ్యి వేసుకుంది. "ముబారక్! పెండ్లిల కౌగిలిచ్చి చెప్పే మాట!"

"గదే! గదే!" చాచా తొడ చరిచాడు.

"ఎవరికి చెప్పడానికి చాచా?" అంది వర్ష. ఆమెకు తెలుసు. చెంప లోపలినుంచి కొరుక్కుంటోంది. చాచా మళ్లీ మా ఇద్దరినీ చూపించాడు.

వర్ష తలవంచుకుని కార్డు మీద ఆ మాట రాసింది. అక్షరాలు కొంచెం వంకరగా వచ్చాయి. చాచీ నెమ్మదిగా అడిగింది. "గీ మాట ఈయన నోట్ల ఎన్నొద్దులుంటది బిడ్డా?"

"రోజూ సాధన చేస్తే ఏడాది. మహా అయితే ఏడాదిన్నర." వర్ష గొంతు మెత్తబడింది. "గ్యారంటీ ఇవ్వలేను చాచీ."

చాచా నావైపు చూశాడు. జీపు కదులుతుంటే ఎక్కాలా వద్దా అని నిలబడిపోయిన ప్యాసింజరును చూసినట్టు చూశాడు.

"వర్షా" అన్నాను. మేడమ్ అనకపోవడం అదే మొదలు. "నువ్వంటే నాకు పానం. ఆ మూడు నెలలు తప్పు చేసిన. ఇంక ఏదున్నా నీకు ముందుగాల చెప్త, తిట్టినా చెప్త. నన్ను పెండ్లి చేసుకుంటవా?"

"నీకు ఉద్యోగం ఉందా?"

"లేదు. పోయింది."

"నాకూ పోయింది." ముక్కు తుడుచుకుని, కార్డులు సర్దుతూ, ప్రాజెక్టు మీటింగులో మాట్లాడినట్టే మాట్లాడింది. "మా నాన్నను ఒప్పించడానికి ఆరు నెలలు పడుతుంది. మీ ఇంట్లో?"

"మా అమ్మ జూన్లనే ఒప్పుకున్నది. మా నాయనకు ఇంకా ఎవరూ చెప్పలె."

"ఎనిమిది నెలల్లో చేసుకుందాం. ఏడాది దాకా ఆగితే రిస్కు."

చాచీ ఏడుస్తూ చక్కెర డబ్బా కోసం వంటింట్లోకి పరుగెత్తింది. వర్ష ఆ నలభయ్యో కార్డు చాచా ముందు పెట్టి, ఆయన చేతిమీద మెల్లగా తట్టింది. "చెప్పండి చాచా. తొందర లేదు."

"ము..." అన్నాడు చాచా. ఆగాడు. మెడ నరాలు ఉబ్బాయి. "ము... ము..."

వర్ష మళ్లీ తట్టింది.

"ముబారక్" అన్నాడు చాచా.

"ఇప్పుడే కాదు చాచా. పెండ్లిల చెప్దువు" అన్నాను నేను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. మా ఇద్దరి తలల మీద చేతులు పెట్టి, అప్పటికి ఆ మాట ఉంటుందో ఉండదోనని, ఇంకోసారి చెప్పాడు.